పదహారో భాగం రాత్రి

కుందలహళ్ళి గేటు దగ్గర లేడీస్ పీజీ, మూడో అంతస్తు.
ఒకే మంచం మీద నలుగురం,
ఒక లాప్‌టాప్, ఒక కొరియా ప్రేమకథ.
రేపు ఆఫీసుందన్న సంగతి గుర్తున్నది
కిటికీకి వేలాడే ఐడీ కార్డు ఒక్కదానికే.

ఎనిమిదో భాగం దాకా వాడు దాని చెయ్యి పట్టుకోలేదు.
పట్టుకున్నప్పుడు మూడు వైపుల నుంచి చూపించారు,
మేం నాలుగో వైపు నుంచి అరిచాం.
కింది గదివాళ్ళు కర్రతో కప్పు పొడిచారు.
చీరాల సలోమి దిండు కొరికింది.
తహసీన్ ఆపి, గ్లాసుడు నీళ్ళు తాగి,
చెయ్యి దగ్గర్నుంచి మళ్ళీ పెట్టమంది.
నేనేమీ అనలేదు.
నాది రెండో హీరో పార్టీ.

రెండో హీరో సంగతి చెప్పాలి.
గొడుగు తెచ్చేది అతనే,
తడిసేదీ అతనే.
ఆ పిల్లకి జ్వరమొస్తే గంజి కాచి
గుమ్మం ముందు పెట్టి, బెల్లు కొట్టి,
తలుపు తెరుచుకునేలోగా మెట్లు దిగిపోతాడు.

వాళ్ళ లిపి నేర్చుకుంటున్న వైదేహి
ఒక అక్షరం చూపించింది. అచ్చం మన సున్న.
మొదట్లో నిలబడితే దానికి నోరుండదట,
చివర్లో పడితేనే ముక్కుతో మూలుగుతుందట.
"అదిగో, నీవాడు" అంది.
అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.
ఆ వారం నా నోట్‌బుక్ అంచుల నిండా సున్నలే.

వీళ్ళకి చెప్పలేదు గానీ,
మా టీములో ఒకడి పెళ్ళికి
బహుమతి డబ్బులు పోగుచేసే పని
నాకే అప్పగించారు.
లెక్క సరిపోయింది.
మూడొందలు మిగిలాయి కూడా.

పదకొండో భాగంలో తెల్ల లారీ వచ్చింది.
వస్తుందని తెలుసు.
హీరో నవ్వుతూ రోడ్డు దాటితే వచ్చి తీరుతుంది.
"చూసుకోరా సచ్చినోడా!" అని
సలోమి తెరని కొట్టింది.
వాడు అన్నీ మర్చిపోయాడు,
పిల్లని, పేరుని, తాను కట్టిన స్కార్ఫుని.

మర్నాడు సాయంత్రం వానలో రోడ్డు దాటుతూ
నాకు తెలియకుండానే నడక తగ్గించాను.
నిజంగానే లారీ వచ్చింది.
నీళ్ళ ట్యాంకరు.
నడుం దాకా బురద కొట్టి,
వెనక కావేరి అని రాసుకుని వెళ్ళిపోయింది.
నేను మాత్రం
దేన్నీ మర్చిపోలేదు.

ఇవాళ ఆఖరుది.
మా వంటామె, బాగేపల్లి మునెమ్మ,
తడిచేతులు కొంగుకి తుడుచుకుంటూ గుమ్మంలో నిలబడింది.
కింద పరిగెత్తే ఇంగ్లీషు ఆమెకి చీమలబారు.
హీరోయిన్ "అప్పా!" అని బావురుమనేసరికి
"అయ్యో, మనోళ్ళేనా?" అంటూ
లోపలికొచ్చి నేలమీద చతికిలబడింది.

పూలు రాలాయి. వాడికి అన్నీ గుర్తొచ్చాయి.
వైదేహి ఏడుస్తూ తేదీ రాసుకుంది.
తహసీన్ ఏడవలేదు,
ముద్దు మరీ దూరం నుంచి తీశారని అలిగింది.
రెండో హీరోకి రెండే నిమిషాలిచ్చారు,
విమానాశ్రయం, ఒక సూట్‌కేసు,
వెనక్కి చూడని వీపు.

పేర్లు పడుతుండగా మునెమ్మ అడిగింది:
"యాడికి పాయె ఆ గొడుగు పిల్లోడు?"
ఎవరూ పలకలేదు.
"బువ్వ తిన్న్యాడో లేదో
అడిగే దిక్కే లేకపాయె గదమ్మా వానికి."

నా గొంతులో ఏదో అడ్డం పడింది.
పదహారు భాగాల్లో రాని ఏడుపు,
దిండు కూడా అందలేదు,
సలోమి దాని మీద కూచుంది.
మునెమ్మ నన్ను చూసింది,
ఏమీ అడగలేదు.
సంగటి ఇంత మిగిలింది తెస్తానని లేచింది.

తిన్నాను. చల్లారిపోయింది, ఉప్పు ఎక్కువ.
రెండో సీజన్ వస్తుందని సలోమి ఒట్టేసి చెబుతోంది,
రాదని వైదేహి కొట్లాట.
ఒంటిగంట దాటింది.
తహసీన్ ఇంకో కథ మొదటి భాగం పెట్టింది.

మొదటి సీన్లోనే వాన.
వేలు నాక్కుంటూ ముందుకి వంగాను,
గొడుగు ఎవరి చేతిలో ఉందో చూద్దామని.